కాఫీ మాన్పించిన వినాయకుడు

బెంగళూరు పేటలో ఒక వీధి వీధంతా పొద్దున్నే కాఫీ చుక్క ఎరగకుండా నోరెండబెట్టుకుని కూర్చున్న రోజులు కొన్ని ఉన్నాయి. అప్పుడు యుద్ధం జరుగుతోంది కాబట్టి, పక్క వీధివాళ్లు ఆ కష్టాన్ని కూడా యుద్ధం నెత్తినే వేశారు. జర్మనీవాళ్లకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ పని చేసింది నేను. యలహంక దగ్గర పల్లెలో, మా మామ ఇంటి వసారాలో కూర్చుని, ఒక వెదురు పుల్లతో చేశాను. ఎలా చేశానో చెబుతాను, నవ్వుకోండి. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు, మీరు కొత్తగా నవ్వితే నాకు పోయేదేమీ లేదు.

నేను పుట్టింది హిందూపురం వైపు, కుమ్మరుల ఇంట్లో. మా ఊళ్లో కుండలు, బానలు, మూకుళ్లు తప్ప మరొకటి చేసి ఎరగరు. కుండకు కుడీ ఎడమా ఉండవు. ఎటు తిప్పి పెట్టినా కుండే. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, నా పతనమంతా ఇక్కడే మొదలైంది. పెళ్లి కాగానే ఇల్లరికం వచ్చాను. మా మామ మునెప్ప మట్టితో దేవుళ్లను చేసేవాడు. మూడు అరచేతులంత పలక మీద వినాయకుడు ఉబ్బెత్తుగా, బొజ్జ మీద కుడుముల పళ్లెం పెట్టుకుని కూర్చుని ఉంటాడు. ఎర్రగా కాల్చిన ఆ పలకను జనం వాకిలి పైన గోడలో పొదిగించుకుంటారు. చుట్టుపక్కల ఊళ్లలోనే కాదు, పేటలోని శెట్ల ఇళ్లలో కూడా మామ చేతి వినాయకుడంటే మంచి పేరు.

అల్లుడంటే కుర్చీ వేసి కూర్చోబెడతారని మా అమ్మ చెప్పి పంపింది. మామ నన్ను మట్టి గుంటలో నిలబెట్టాడు. పొద్దున లేస్తే మట్టి తొక్కడం, సాయంత్రం దాకా మట్టి తొక్కడం. వసారాలో అచ్చుల పక్కన ఒక చెక్క పీట ఉండేది. పలకలు ఒత్తేవాడు కూర్చునే పీట అది. మైసూరు సింహాసనం మీదైనా నాకంత ఆశ ఉండేది కాదు.

"ఎన్నాళ్లు తొక్కల్ల మామా?" అని అడిగేవాణ్ణి.

"మట్టి చెప్తాదిలే."

"మట్టి నాతో ఇంగా ఏం చెప్పలేదు మామా."

"అట్లయితే ఇంగా తొక్కు."

నా భార్య గంగమ్మ గడప దగ్గర నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆ కొంగు వెనకాల ఏం జరుగుతోందో నాకు తెలుసు.

ఇలా ఉండగా పేట నుంచి రంగయ్యశెట్టి కబురు పంపాడు. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టాడు, గృహప్రవేశం. తన వాకిలికి ఒక వినాయకుడి పలక కావాలి. అదే వీధిలో అన్నదమ్ములు, మేనమామలు, వియ్యంకులు ఉన్నారు, వాళ్లకు తాంబూలంతో పాటు ఇంటికొకటి ఇవ్వాలి. అందరి వాకిళ్లకూ ఒకే ముహూర్తంలో పలకలు ఎక్కాలని ఆయన ముచ్చట. మామకు ఇంత పెద్ద పని ఎప్పుడూ రాలేదు. వచ్చిన సమయానికే ఆనేకల్‌లో మామ అక్క కూతురికి పెళ్లి కుదిరింది. మేనమామ లేకుండా ఆ పెళ్లి ఎలా జరుగుతుంది?

మూట కట్టుకుని బయల్దేరుతూ మామ నన్ను పిలిచాడు. "అల్లుడూ, పాత అచ్చు ఉండాది. దాంట్లోనే ఒత్తు. కొత్త తెలివి ఏమీ చూపించద్దు. ఇవి సరిగ్గా వస్తే రేపట్నించీ పీట నీదే. ఏమన్నా గలాటా చేసినావో, గుంట నీది."

"మీరు నిశ్చింతగా పోయి రాండి మామా," అన్నాను. ఆ మాట అన్న గొంతును ఇప్పుడు నొక్కేయాలనిపిస్తుంది.

పాత అచ్చు తీసి చూశాను. ఏళ్ల తరబడి ఒత్తీ ఒత్తీ అరిగిపోయింది. అందులోంచి వచ్చే వినాయకుడు పండగ భోజనం చేసి కునుకు తీస్తున్నట్టుండేవాడు. కళ్లు ఎక్కడో, కనుబొమలు ఎక్కడో! ఇలాంటి దేవుణ్ణి పేటకు పంపితే మన పరువేం కావాలి? కొత్త అచ్చు చేద్దామనుకున్నాను. మామ కొత్త అచ్చు చేసే పద్ధతి నాకు తెలుసు. ముందు మట్టితో వినాయకుడి బొమ్మ చేసి ఆరబెడతాడు. ఆరిన బొమ్మ మీద మెత్తటి మట్టి అదిమి ఊడదీస్తే గుంటలు పడ్డ అచ్చు వస్తుంది. ఆ అచ్చును కాల్చి, అందులో మట్టి ఒత్తితే పలక. ఎంత చాదస్తం! మధ్యలో బొమ్మ ఎందుకు? మట్టి దిమ్మ తీసుకుని అచ్చునే నేరుగా చెక్కేస్తే సగం పని మిగలదా? మామ తాతల కాలం నుంచి ఒక్కరికీ ఈ ఉపాయం తట్టలేదంటే నాకు వాళ్ల మీద జాలి కలిగింది.

గోడకు ఒక వినాయకుడి పటం ఉండేది. దాన్ని ఎదురుగా పెట్టుకుని, వెదురు పుల్ల చెక్కుకుని, మెత్తటి దిమ్మలో తవ్వడం మొదలుపెట్టాను. పటంలో చెవి ఎక్కడుంటే ఇక్కడా అక్కడే చెవి. పటంలో తొండం ఎటు తిరిగితే ఇక్కడా అటే తొండం. వెంట్రుకవాసి తేడా లేదు. నన్ను నేనే మెచ్చుకుంటూ, మధ్యమధ్యలో దూరం జరిగి తల వంచి చూసుకుంటూ చెక్కాను.

గంగమ్మ చేట పట్టుకుని వచ్చి నిలబడింది. "నాయన పాత అచ్చుతో ఒత్తమన్నాడు కదా?"

"మీ నాయనకు వయసైపోయింది గంగా."

"నాయన వచ్చినాక అడిగి చేస్తే కాదా?"

"మీ నాయనను అడిగితే మీ తాతను అడగమంటాడు. మీ తాత లేడు. పని ఎట్ల జరుగుతాది?"

అచ్చు కాలింది. మట్టి ఒత్తి మొదటి పలక తీశాను. అబ్బ, ఏం కళ! కళ్లు మిలమిలా, కిరీటం మీద ప్రతి పూసా విడివిడిగా, ఎలుక మీసంతో సహా. గంగమ్మను పిలిచి చూపించాను. ఆమె పలకను అటూ ఇటూ వంచి చూసింది.

"బాగుండాది. కానీ యాడనో తేడాగా ఉండాది."

"తేడాగా ఉండల్లనే కదా చేసింది!"

"అది కాదయ్యా. అద్దంలో మొగం చూసినట్ల ఉండాది."

"అంత నున్నగా వచ్చింది అంటావు," అని మీసం సవరించుకున్నాను.

చూశారా, దేవుడు నా భార్య నోట హెచ్చరిక పంపాడు. నేను దాన్ని పొగడ్త కింద జమ చేసుకుని, మిగతా పలకలన్నీ ఒత్తి, ఆవంలో పేర్చి కాల్చేశాను. ఒక్కటి పగల్లేదు. ఒకటో రెండో పగిలినా బాగుండేదేమో, ఆ వీధిలో ఒకటి రెండు ఇళ్లైనా బతికిపోయేవి.

పెట్రోలు దొరకక బస్సులు బొగ్గుతో నడుస్తున్న కాలం. ఎత్తు వస్తే దిగి తోయాలి. గడ్డిలో చుట్టిన పలకల గంపను ఎవరికీ ఇవ్వకుండా ఒళ్లోనే పెట్టుకున్నాను, తోయడానికి కూడా దిగలేదు. "దేవుళ్లు ఉండారప్పా," అంటే కండక్టరు దండం పెట్టి ఊరుకున్నాడు.

పలకలు చూసి రంగయ్యశెట్టి మొహం విప్పారింది. "మునెప్ప చేసినవాటి కన్నా కళ జాస్తిగా ఉండాయే!" అన్నాడు. నా ఛాతీ ఎంత ఉబ్బిందంటే చొక్కా గుండీ ఒకటి సెలవు తీసుకుంది. పురోహితుడు వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తూ ఒక్కో వాకిలి మీదా పలక పొదిగించి, మంత్రాలు చదివి, పసుపు కుంకుమలు పెట్టి, పూలదండ వేశాడు. దండలు ఎంత బరువువి వేశారంటే వినాయకుడి మొహం తప్ప ఏమీ కనపడలేదు. పంక్తి భోజనాలు మొదలయ్యే వేళకు మామ ఆనేకల్ నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడుస్తూ తల ఎత్తాడు. చేతికర్రతో దండను కాస్త పక్కకు జరిపి చూశాడు.

నేను పరుగున వెళ్లాను. "మామా, ఎట్లుండాది?"

"భోజనం అయిందా?"

"ఇంగా లేదు మామా."

"పోయి తిను. కడుపు నిండా తిను. మళ్లా ఈ వీధిలో నీకు అన్నం పెడతారో లేదో."

నాకేమీ అర్థం కాలేదు. పూర్ణం బూరెలు మాత్రం బాగున్నాయి.

శెట్టిగారి తల్లిని అందరూ పెద్దవ్వ అనేవారు. నడుము బాగా వంగిపోవడం వల్ల ఆమె ప్రపంచాన్ని మోకాళ్ల ఎత్తులోనే చూసేది. భోజనమయ్యాక మనవరాళ్లు ఆమెను తెచ్చి తిన్నె మీద పడక కుర్చీలో వెనక్కి వాల్చి కూర్చోబెట్టారు. దాంతో ఆమె చూపు నేరుగా వాకిలి పైకి పోయింది. దండను మామ పక్కకు జరిపాడు కదా, తొండం స్పష్టంగా కనిపిస్తోంది.

"ఒరే రంగా! సామి తొండం యాపక్కకు ఉండాదిరా?"

"తొండం ముందరే కదమ్మా ఉంటాది," అన్నాడు శెట్టి తాంబూలం నములుతూ.

"కుడిపక్కకు తిరిగి ఉండాదిరా! బలమురి గణపతి! ఎవర్రా తెచ్చింది ఈయన్ని?"

శెట్టి నోట్లో తాంబూలం ఆగిపోయింది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. తొండం తన ఎడమ పక్కకు తిప్పిన వినాయకుడు చల్లని దేవుడు. పెట్టింది తిని, పెట్టనిది అడగకుండా సర్దుకుపోతాడు. కుడి పక్కకు తిప్పినాయన బలమురి గణపతి. మహిమ ఎక్కువ, కోపమూ ఎక్కువే. ఆయన్ని ఇంట నిలుపుకుంటే పొద్దున్నే తలస్నానం, తడిబట్ట మడి, కుడుముల నైవేద్యం. అది అయ్యేదాకా ఇంట్లో ఎవరూ కాఫీ చుక్కైనా నోట్లో వేసుకోకూడదని పెద్దవ్వ పట్టింపు, ఆ వీధిలో ఆమె మాటకు ఎదురు లేదు. నేను అచ్చులో ఎడమకు చెక్కిన తొండం పలకలో కుడికి తిరిగింది. పటం చూసి అచ్చు చెక్కితే పలక అద్దంలో బొమ్మలా తిరగబడి వస్తుందని, బొమ్మ చేసి అచ్చు తీస్తే ఆ తిరగబడ్డదే మళ్లీ సరిగ్గా వస్తుందని, అందుకే తాతల కాలం నుంచి ఆ బొమ్మ అని, ఇవన్నీ కుండలవాడికి ఎవరు చెబుతారు?

"తీసేద్దాం, దాందేముంది!" అన్నాడు శెట్టి తమ్ముడు.

"ప్రతిష్ఠ అయిపోయిందే," అన్నాడు పురోహితుడు, ఇంకెటో చూస్తూ. "ఇంక కదిలించరాదు."

"వీధంతా ఈయనే ఉండాడు కదా!" అని వెనక నుంచి ఎవరో ఆడమనిషి ఏడుపుగొంతుతో అంది.

"ఎవరప్పా చేసింది?" అని పెద్దవ్వ అడిగింది.

మామ నా భుజం మీద చెయ్యి వేశాడు. "మా అల్లుడవ్వా," అన్నాడు. ఇంటి కప్పు కారే చోటును చూపించేవాడు కూడా ఇంత నెమ్మదిగా చూపించడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. మామ పేరు ఈ వీధిలో వాళ్ల నాన్న కాలం నుంచి ఉంది. దాన్ని నేను ఒక్క పూటలో మట్టి చేశాను.

తర్వాత నేను గుంటలో దిగి మట్టి తొక్కుకుంటున్నాను. కొన్నాళ్లకు శెట్టి కబురు పంపాడు, మామా అల్లుళ్లు ఇద్దరూ రావాలని. వెళ్లాం. ఎంత ఘోరం! బెంగళూరు చలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ చలిలో తిన్నెల మీద తడిబట్టలతో మగవాళ్లు వణుకుతూ వరసగా కూర్చున్నారు. లోపల కుడుములు ఉడుకుతున్నాయి. పిల్లలు పలకల వైపు చూసి వెక్కిరిస్తున్నారు. నన్ను గుర్తుపట్టిన ముసలాయన ఒకాయన మాట్లాడే ఓపిక లేక ఊరికే వేలు చూపించాడు.

సందు మలుపులో కాఫీ హోటలు ఉంది. అందులోంచి తలమీద తువ్వాలు కప్పుకుని ఒకాయన గబగబా బయటికి వచ్చి నన్ను గుద్దుకున్నాడు.

"శెట్టిగారా?" అన్నాను.

"నేను శెట్టిని కాదు!" అన్నాడు రంగయ్యశెట్టి. మీసానికి నురగ ఉంది.

మామ తల వంచుకుని నవ్వు మింగాడు. శెట్టి మమ్మల్ని గోడ పక్కకు లాగాడు. "మునెప్పా, మీకు పుణ్యముంటాది, మా అమ్మకు చెప్పద్దు. నా బతుకు చూడప్పా. కార్డు మీద ఇచ్చే బియ్యం అంతా కుడుములకే పోతా ఉండాది. మా తమ్ముడు నాతో మాట్లాడేది లేదు. మా వియ్యంకుడు, పలకిచ్చి పగ తీర్చుకున్నావు అంటా ఉండాడు. అమ్మేమో సామిని కదిలిస్తే ఇల్లు విడిచి పోతానంటాది. ఏదన్నా దారి చూపియ్."

మామ కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత నేరుగా పెద్దవ్వ దగ్గరికి వెళ్లి నేల మీద కూర్చున్నాడు. పెద్దవ్వ పడక కుర్చీలో నీరసంగా వాలి ఉంది.

"అవ్వా, సామిని తీసేది వద్దు. వాకిలి బయట ఆయన కావలి ఉండనీ. అదే గోడకు లోపలి పక్క ఎడమ తొండం సామిని పెడతాం. వీధి పెత్తనం ఈయనది, వంటింటి పెత్తనం ఆయనది. కుడుములు పండగకు పెడితే చాలు."

"బయటి సామికి కోపం రాదా?"

"ఇద్దరూ ఒకరే కదవ్వా. తన ఇంటికి తానే వస్తే కోపం ఎందుకు వస్తాది?"

పెద్దవ్వ వంటింటి వైపు ఒకసారి చూసింది. "సరే. బేగ చేసి తీసుకురా," అంది. ఆ తొందరలో నాకు కాఫీ వాసన తగిలింది.

ఇంటికి రాగానే మామ నన్ను గుంటలోకి దిగనివ్వలేదు. "చెడగొట్టింది నువ్వు, బాగు చేసేదీ నువ్వే. ముందు బొమ్మ చెయ్యి. బొమ్మ మీద అచ్చు తియ్యి. ఈసారి సరిగ్గా చేస్తే పీట నీదే. ఇదే కడసారి." అంత మంచి మామ ఎవరికి దొరుకుతాడు? కాళ్లు కడుక్కుని, దేవుడికి దండం పెట్టి, పీట మీద కూర్చున్నాను. జీవితంలో ఎన్నడూ ఆలోచించనంత ఆలోచించాను. అదే నన్ను ముంచింది. మట్టిలో అంతా తిరగబడుతుందని ఇప్పుడు నాకు బాగా తెలుసు కదా! పోయినసారి ఎడమ అనుకుంటే కుడి వచ్చింది. కాబట్టి ఎడమ రావాలంటే కుడికి చేయాలి. ఎంత పక్కా లెక్క! బొమ్మకు తొండం కుడికి తిప్పాను. దాని మీద అచ్చు తీశాను, కాల్చాను, పలకలు ఒత్తి చెక్క మీద ఆరబెట్టాను. బొమ్మకు ఎటుంటే పలకకూ అటే వస్తుందని మామ తాతల కాలం నుంచి మొత్తుకుంటున్న సంగతి నా బుర్రలోంచి జారిపోయింది.

గంగమ్మ నీళ్ల కడవ దించి చెక్క దగ్గర ఆగింది. నా వైపు చూడలేదు.

"వచ్చినాడు," అంది.

"ఎవరు?"

"కోపం సామి. మళ్లా ఆయనే వచ్చినాడు."

మామ వచ్చి చూశాడు. తిడతాడని చెవులు మూసుకున్నాను. ఆయన నేల మీద చతికిలబడి, కళ్ల నీళ్లు కారేలా నవ్వాడు. నేను ఆ ఇంటికి వచ్చాక మామ నవ్వడం అదే మొదలు. "తప్పులు చేసినోళ్లను చానామందిని చూసినా అల్లుడూ. ఒకే తప్పును రెండు పక్కల నుంచీ చేసినోణ్ణి నిన్నే చూస్తా ఉండా!" అన్నాడు. నవ్వు ఆగాక కూతురి వైపు తిరిగాడు. "అమ్మణ్ణీ, నువ్వు కూర్చో."

మాలో ఆడవాళ్లు కుండలు చేసే సారె ముట్టుకోకూడదు. అచ్చు పీటకు ఆ నిషేధం లేదు, ఆడవాళ్లెవరూ కూర్చోలేదంతే. గంగమ్మ కొంగు బిగించి, నా సింహాసనం మీద కూర్చుంది. పుట్టినప్పటి నుంచి ఆ వసారాలోనే తండ్రి చేతులు చూస్తూ పెరిగిన మనిషి. ఆమె వేళ్ల కింద వినాయకుడు నిదానంగా, ఎడమ తొండంతో, నవ్వుతూ లేచి కూర్చున్నాడు. నాకు ఏడుపు రావాలి, కనీసం కోపమైనా రావాలి. ఏదీ రాలేదు. ఇంత బాగా చేసే మనిషి నా పక్కన ఉందా అని గర్వం కలిగింది. చక్కగా గుంటలోకి దిగి, ఆమెకు కావలసిన మెత్తదనం వచ్చేదాకా మట్టి తొక్కాను. మట్టి చివరికి నాతో మాట్లాడింది. నా చోటు అక్కడేనని చెప్పింది.

పేట వీధికి కాఫీ తిరిగి వచ్చింది. పెద్దవ్వ గంగమ్మకు చీర పెట్టింది, నాకు అన్నం కూడా పెట్టింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా పీట గంగమ్మది, గుంట నాది, ఇద్దరమూ సుఖంగా ఉన్నాం. నేను రెండోసారి ఒత్తిన పచ్చి పలకలను నీళ్లలో కరిగించి మట్టిలో కలిపేశాను. అన్నీ కలిపేశాననే అనుకున్నాను. గంగమ్మ ఒకటి దాచి, కాల్చి, మా వాకిలి మీదే పొదిగించింది.

"ఎందుకే ఇది?" అన్నాను.

"నీకు గుర్తుండల్ల కదా."

"పోనీ, లోపలి పక్క ఎడమ తొండం సామినన్నా పెట్టు."

"మన ఇంటికి ఆయన అక్కరలేదులే," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాబట్టి ఈ పొద్దున ఆ వాకిలి కిందే తలస్నానం చేసి, తడి తువ్వాలుతో కూర్చుని, సూర్యుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో అచ్చు ముట్టను. వెదురు పుల్ల పట్టను. ఏ దేవుడి విషయంలోనూ ఇది కుడి, ఇది ఎడమ అని నోరు జారను. నా మాట మీద అనుమానం పెట్టుకోకండి, ఖాళీ కడుపుతో చేసిన ప్రమాణం ఇది. గంగమ్మ కుడుములు ఇంకా ఆవిరి మీదే ఉన్నాయి.